వారానికొక్క గోలీ

ఆటోలోంచి దించేటప్పుడు భూమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉంది. ఓపీ గదిలో బల్ల మీద కూర్చోబెట్టాక కూడా కొంగు తీయలేదు. మాటలన్నీ ఆమె భర్త మైసన్నే మాట్లాడాడు.

"నాలుగొద్దులాయె డాక్టరమ్మ, జరం ఇడుస్తలేదు. నోరంత పుండ్లు. బుక్క మింగుతలేదు. నీళ్లు తాగినా మంటనే అంటది."

సాయిలత టార్చి వేసి చూసింది. పెదవుల లోపల, నాలుక అంచుల్లో, అంగిట్లో తెల్లటి పుండ్లు. ఒళ్లు కాలిపోతోంది.

ఎల్లారెడ్డిలోని ఆ చిన్న ట్రస్టు ఆసుపత్రికి సాయిలత శిక్షణకు వచ్చి నాలుగు నెలలైంది. ఎంబీబీఎస్ పూర్తి చేసి కుటుంబ వైద్యంలో పీజీ చేస్తోంది. సొంతూరు బీబీపేట కాబట్టి ఇక్కడి మాట, ఇక్కడి మనుషులు ఆమెకు కొత్త కాదు. కాకపోతే కాలేజీలో చదివిన ఏళ్లలో రోగులతో పుస్తకం భాషలో మాట్లాడటం అలవాటైపోయింది. ఆసుపత్రిలో ఆమెతో కలిపి శిక్షణ డాక్టర్లు ముగ్గురు. ఆగస్టులో వానలు, నాట్లు, జ్వరాలు అన్నీ ఒక్కసారే వస్తాయి. ఆ రోజు పదకొండు గంటలకే ఆమె బల్ల మీద నలభై చీటీలున్నాయి.

"ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా? రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?"

"కీళ్ల నొప్పులకు వాడుతున్నం" అన్నాడు మైసన్న. "బీడీలు జేస్తది గదా. వేళ్లు మల్గక శానా గోసపడ్డది. పట్నంల పెద్ద డాక్టరుకు సూపెట్టినం. మందులు మంచిగ పట్టినయి. నేనే ఏస్త. ఒక్కనాడు సుత ఇడువలే."

ఆ చివరి మాట అంటున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం వినిపించింది. సాయిలతకు కూడా బాగనిపించింది. మందులు మధ్యలో మానేసేవాళ్లనే ఆమె ఎక్కువగా చూసింది. కేసు షీటులో 'కీళ్లవాతం. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారు' అని రాసి కింద గీత కూడా గీసింది. డెంగీ పరీక్ష, రక్త పరీక్ష రాసి, భూమక్కను వార్డులో చేర్పించి తర్వాతి చీటీ అందుకుంది.

సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. డెంగీ లేదని వచ్చింది. కానీ తెల్ల రక్తకణాలు పదిహేడు వందలే ఉన్నాయి. కనీసం నాలుగు వేలు ఉండాలి. ప్లేట్‌లెట్లు నలభై ఎనిమిది వేలు. ఒక్కోసారి తొలి పరీక్షలో డెంగీ దొరకదు. రేపు మళ్లీ చేద్దామనుకుని సాయిలత సెలైను ఎక్కించి, జ్వరానికి మందు ఇప్పించింది.

మర్నాడు పొద్దున రౌండ్సులో పెద్ద డాక్టరు నరేందర్ భూమక్క మంచం దగ్గర చాలాసేపు ఆగాడు. ఆయనకు యాభై దాటాయి. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"డెంగీ అనుకుంటున్నావు. సరే. మరి నోట్లో ఇన్ని పుండ్లెందుకు?"

సాయిలత కేసు షీటు తిప్పి చూసింది.

"ఏం మందులు వాడుతోంది?"

"కీళ్లనొప్పుల మందులు సార్."

"పేరేంటి?"

"అడిగాను సార్. రోజూ వేసుకుంటున్నామన్నారు."

"అడిగావు. చూశావా?"

"లేదు సార్."

"చూసి చెప్పు" అని ఆయన తర్వాతి మంచం దగ్గరికి వెళ్లాడు.

మైసన్న వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. సాయిలత అతని ముందు గొంతుక్కూర్చుంది. ఈసారి ఆమె నోటికి బీబీపేట మాటే వచ్చింది.

"బాపూ, అవ్వకు ఏస్తున్న గోలీలు యాడున్నయి?"

"ఇంటికాడనే ఉన్నయి బిడ్డా. ఆగమాగం వస్తిమి, యాదికి రాలే."

"జర పోయి అన్ని తీస్కరా. చీటీలు, కవర్లు, ఖాళీవి ఉన్నా సరే."

వాళ్ల ఊరు ఏడు కిలోమీటర్లు. మైసన్న షేరు ఆటోలో పోయి, గంటన్నరకు మూత గట్టిగా బిగించిన స్టీలు టిఫిన్ డబ్బాతో వచ్చాడు. వానకు తడవకుండా దాన్ని చొక్కా లోపల పెట్టుకొచ్చాడు. బల్ల మీద డబ్బా తెరిచి, అందులోని రెండు కాగితం కవర్లు తీసి పక్కపక్కన పేర్చాడు.

"ఎట్లెట్ల ఏస్తున్నవో నాకు సూపియ్యి బాపూ. నేను అవ్వను అనుకో."

మైసన్న నవ్వాడు. ఒక కవరులోంచి చిన్న పసుపు మాత్ర తీసి అరచేతిలో పెట్టాడు. "గిది దినాం. పొద్దుగాల బువ్వ తిన్నంక ఒకటి." రెండో కవరులోంచి ఇంకో చిన్న పసుపు మాత్ర తీశాడు. "గిది ఐతారం నాడు ఒక్కటే."

రెండు మాత్రలూ కవలపిల్లల్లా ఉన్నాయి. మందుల షాపులో షీట్లను కత్తెరతో ముక్కలు చేసి ఇచ్చారు. వెండి రేకు మీద పేర్లు సగం సగం తెగిపోయాయి. సాయిలత మొదటి కవరులోని ముక్కను వెలుతురుకు తిప్పి చూసింది. మిగిలిన ఆ సగం అక్షరాలు చాలు. మెథోట్రెక్సేట్.

ఆమె ఇంకోసారి చదివింది.

కీళ్లవాతానికి అది మంచి మందు. కానీ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముకల లోపల కొత్త రక్తం తయారవడం ఆగిపోతుంది. నోరు పుండ్లు పడుతుంది. ఆ తర్వాత ఏదైనా జరగవచ్చు. రెండో కవరులోది ఉత్త విటమిన్ మాత్ర. మొదటి మందు ఒంటికి చేసే చెరుపును ఆపడానికి మిగతా రోజుల్లో వేసుకోమని ఇచ్చేది. పట్నం డాక్టరు చీటీలో సరిగ్గానే రాశాడు, ఇంగ్లీషులో. ఇంటికి వచ్చేసరికి రెండు కవర్లూ తారుమారయ్యాయి.

"ఎన్నొద్దులాయె బాపూ, గిట్ల ఏయబట్టి?"

"పది గోలీలు ఒడిసినయి. మల్ల తెస్తి. అండ్లకెల్లి రెండయినయి." మైసన్న ఆమె మొహంలోకి చూశాడు. "నిన్నటిది, ఇయ్యాల్టిది ఏయలే బిడ్డా. ఇంటికాడనే ఉండిపాయె గదా. ఇప్పుడు ఏద్దమా?"

సాయిలత అతని అరచేతిలోంచి ఆ మాత్ర తీసుకుని గుప్పిట మూసింది. "వద్దు బాపూ. ఇక ఏయొద్దు. గీ డబ్బా నా దగ్గరుండనియ్యి."

నరేందర్ గదికి ఆమె నడవలేదు, పరుగెత్తింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పాక, దాచుకోవచ్చని తెలిసినా దాచుకోకుండా ఇంకో మాట కూడా చెప్పింది. "నిన్ననే చెప్పాడు సార్. ఒక్కరోజు కూడా మానలేదన్నాడు. నేను అది మంచి విషయమనుకుని రాసుకున్నాను. గీత కూడా గీశాను."

నరేందర్ అప్పటికే ఫోను అందుకున్నాడు. "దాని సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం. ముందు విరుగుడు సూది ఎక్కడుందో చూడు."

ఆ సూది మందు వాళ్ల దగ్గర లేదు. ఎల్లారెడ్డిలో దొరకలేదు. మందుల కౌంటరు చూసే గ్లోరీ అరగంటలో పదిచోట్లకు ఫోన్ చేసింది. చివరికి కామారెడ్డిలోని పెద్ద దవాఖానలో ఉందని తెలిసింది. రక్తం ఎక్కించాల్సి వచ్చినా, భూమక్కను ఇన్‌ఫెక్షన్ సోకకుండా విడి గదిలో ఉంచాల్సి వచ్చినా అక్కడే వీలు.

"మందు ఇక్కడికి తెప్పించే బదులు మనిషినే అక్కడికి చేరుద్దాం. నువ్వూ వెళ్లు" అన్నాడు నరేందర్. "ఈ కేసు నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు."

కామారెడ్డికి గంట పైనే ప్రయాణం. అంబులెన్సులో భూమక్క కళ్లు మూసుకుని పడుకుంది. మైసన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఊపుకు ఆమె జారకుండా రెండు పాదాలూ పట్టుకున్నాడు. కొంతదూరం పోయాక అతనే అడిగాడు.

"డాక్టరమ్మా, గా గోలీలు సూసినప్పటి సంది నీ మొఖం మారింది. ఏమైందో జెప్పు. దాసకు."

మందు పడలేదని ఒక్కముక్కలో చెప్పేసి ఊరుకోవచ్చు. సాయిలతకు ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఈ మనిషి రేపు మళ్లీ తన చేత్తో మందులు ఇవ్వాల్సినవాడు.

"బాపూ, ఆ రెండు గోలీలల్ల ఒకటి దినాం ఏసేది, ఒకటి వారానికొక్కటే ఏసేది. అవి రెండు ఉల్టా అయినయి. వారానికొక్కటి ఏసేది అవ్వకు దినాం పడ్డది. అది ఎక్కువైతే రక్తం తగ్గుతది. జరం, పుండ్లు అందుకే వచ్చినయి. దానికి విరుగుడు సూది ఉన్నది. అందుకే పోతున్నం."

మైసన్న పాదాలు పట్టుకున్న చేతుల్ని తీసి చూసుకున్నాడు.

"అంటే నేనే ఏసిన్నా? నా చేతులతోటి నేనే..."

"నువ్వు అవ్వ మంచికే ఏసినవు. రెండు ఒక్క తీరుగ ఉన్నయి బాపూ. పేరు సదివినంకనే నాకు సుత తెలిసింది. పేరేమో షాపుల కోసేసిండ్రు. చీటీ ఇంగ్లీషుల ఉన్నది. నీకు ఎవరన్న కూసోబెట్టి ఇది గిట్ల, అది గట్ల అని జెప్పిండ్రా?"

"చెప్పిండ్రు గావొచ్చు. మంది ఎగబడి ఉండ్రి. నాకు సరిగ ఇనరాలే. మల్ల అడుగుదమంటే షాపాయన కసురుకుంటడని..."

"నిన్న నువ్వు నాకు జెప్పినవు గదా, దినాం ఏస్తున్న అని. నేను ఇంత సదువుకుంటిని. నేను సుత ఇనలే."

ఇద్దరూ అనుకున్నట్టు భూమక్క నిద్రపోవడం లేదు. కొంగు వెనక నుంచి, పుండ్లకు తగలకుండా మెల్లగా మాటలు వచ్చాయి. "ఆయన్ని ఏమనకుండ్రి. వేళ్లు జర మల్గుతున్నయి, మందు మంచిగ పనిజేస్తుందని నేనే అంటి."

"ఎవరు ఏమంటలేరు అవ్వా" అంది సాయిలత.

మైసన్న మళ్లీ ఆమె పాదాలు పట్టుకున్నాడు. మిగతా దారంతా వదల్లేదు.

కామారెడ్డిలో వాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. చేరిన పది నిమిషాల్లో మొదటి సూది పడింది. ఆ తర్వాత ఆరు గంటలకొకటి. సాయిలత పట్నం చీటీ, మాత్రల ముక్కలు, తారీఖులు రాసిన కాగితం అక్కడి డాక్టరుకు అప్పగించి, సాయంత్రం బస్సుకు ఎల్లారెడ్డి వచ్చింది.

నరేందర్ ఆమె కోసమే ఆగి ఉన్నాడు. తిడతాడని ఆమె సిద్ధపడే వెళ్లింది.

"తప్పెవరిదని రాస్తే నలుగురైదుగురి పేర్లు రాయొచ్చు. నీదీ ఉంటుంది, నాదీ ఉంటుంది. నేను మాత్రం నిన్న సాయంత్రం రిపోర్టులు వచ్చినప్పుడే ఎందుకు అడగలేదు?" అన్నాడాయన. "రాసి ఏం చేస్తాం? ఈ తప్పు జరగడం ఎందుకింత సులువైందో అది కనుక్కో. మీ ముగ్గురూ కూర్చోండి. గ్లోరీని కూడా కూర్చోబెట్టుకోండి. మన దగ్గర ఇదే మందు ఇంకెంతమంది వాడుతున్నారో ముందు చూడండి."

ఆ మందు వాడేవాళ్లు పదకొండు మంది తేలారు. మర్నాడు మధ్యాహ్నం ఓపీ అయ్యాక ముగ్గురు శిక్షణ డాక్టర్లూ పంచుకుని ఫోన్లు చేశారు. తొమ్మిది మంది సరిగ్గానే వేసుకుంటున్నారు. ఒకాయన మానేశాడు. పిట్లం నుంచి వచ్చే ఒకామె మాత్రం వారానికి ఒకటికి బదులు రెండు వేసుకుంటోంది, నొప్పి ఎక్కువైనప్పుడు ఇంకోటి. ఆమెను వెంటనే రమ్మన్నారు. రక్తం బాగానే ఉంది. రిపోర్టు చూసి గ్లోరీ కుర్చీలో వెనక్కి వాలి, "దేవుడు చల్లగ చూసిండు" అంది.

కానీ భూమక్క రిపోర్టులే బాగాలేవు. కామారెడ్డి డాక్టరు రోజూ ఫోన్‌కు పంపేవాడు. రెండో రోజు తెల్లకణాలు పదమూడు వందలకు పడిపోయాయి. మూడో రోజు పదకొండు వందలు. విరుగుడు పడ్డాక కూడా కొన్నాళ్లు తగ్గుతాయని సాయిలతకు తెలుసు. తెలిసినా ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం సహించలేదు. మైసన్నకు ఫోన్ చేస్తే అతను ఒక్కటే అనేవాడు. "మాట్లాడుతున్నది బిడ్డా. మాట్లాడుతున్నది."

నాలుగో రోజు పద్నాలుగు వందలు. ఆరో రోజు పొద్దున ఓపీ మధ్యలో ఫోన్ మోగింది. తెల్లకణాలు మూడు వేల ఎనిమిది వందలు. ప్లేట్‌లెట్లు లక్షకు దగ్గరగా. జ్వరం లేదు.

సాయిలత ముందున్న రోగికి ఒక్క నిమిషం అని చెప్పి మందుల కౌంటరు వెనక్కి పోయింది. అక్కడ సెలైన్ అట్టపెట్టెల మీద కూలబడి ఫోను గ్లోరీ చేతికిచ్చింది. గ్లోరీ అంకెలు చదివి ఆమె తల నిమిరింది. సాయిలతకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మొహం కడుక్కుని మళ్లీ ఓపీలో కూర్చుంది. ఆ రోజు ఎంతమందిని చూసినా అలుపు రాలేదు.

ఆదివారం బస్సెక్కి కామారెడ్డి వెళ్లింది. భూమక్క మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటోంది. మొహానికి కొంగు లేదు. సాయిలతను చూడగానే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"సూడు బిడ్డా, గీ బువ్వల ఉప్పు లేదు, కారం లేదు. ఇంటికి తోలమను. గీయన ఇంటికాడ కోళ్లను ఎవరికి ఇడిసిపెట్టి వచ్చిండో అడుగు."

"కోళ్లు ఏడికి పోతయే" అన్నాడు మైసన్న. వారం రోజుల తర్వాత అతని గొంతు మామూలుగా ఉంది.

పదో రోజు భూమక్క ఇంటికి వెళ్లింది. పట్నంలోని కీళ్ల డాక్టరుతో నరేందరే మాట్లాడి, ఆ మందు ఆపించి వేరేది మొదలుపెట్టించాడు.

ఈలోగా ఎల్లారెడ్డిలో సాయిలతా, మిగిలిన ఇద్దరూ, గ్లోరీ కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. వారానికొకసారి వేసుకునే మాత్ర ఇక నెలకు నాలుగే ఇస్తారు. నాలుగే ఉంటే పొరపాటున రోజూ వేసినా నాలుగు రోజుల్లో అయిపోతుంది, మందు కోసం మనిషి మళ్లీ ఇక్కడికే వస్తాడు, తప్పు తెలిసిపోతుంది. షీటును కోసినా పేరు తెగకుండా కోస్తారు. దానికి వేరే తెల్ల కవరు, మీద తెలుగులో పెద్ద అక్షరాలతో 'సోమవారం మాత్రమే' అని. చూసుకుని నలుగురూ మురిసిపోయారు.

రెండు వారాల తర్వాత భూమక్కను చూపించడానికి మైసన్న వచ్చినప్పుడు సాయిలత ఆ కవరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది సూడు బాపూ. ఇట్లయితే తప్పు కాదు గదా?"

మైసన్న కవరు అటూ ఇటూ తిప్పాడు. మొహమాటంగా నవ్వాడు. "ఏం రాసిండ్రు బిడ్డా ఇండ్ల?"

"సోమవారం అని."

"నాకు అచ్చరాలు రావు గదా."

శిక్షణ డాక్టర్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మైసన్నలే. నరేందర్ పక్కనుంచి గట్టిగా నవ్వాడు. ఆయన అలా నవ్వడం సాయిలత చూడటం అదే మొదటిసారి.

"మరి వారం నీకెట్ల యాదికుంటది?" అని ఆయనే అడిగాడు.

"అంగడి సార్" అన్నాడు మైసన్న, వారం వారం జరిగే సంత సంగతి కూడా తెలియదా అన్నట్టు. "మా దిక్కు అంగడి ఏనాడో చిన్న పోరల్ని అడిగినా జెప్తరు. అంగడికి పోయొచ్చినంక ఏసుకో అని జెప్పుండ్రి, అయిపోతది. ఒక్కో ఊరికి ఒక్కోనాడు ఉంటది, అడిగి జెప్పుండ్రి."

"కవరు మీద గంప బొమ్మ ఏస్తే?" అంది గ్లోరీ.

"ఏయుండ్రి. గంప జూస్తే అంగడే."

ఆ సాయంత్రమే గంప బొమ్మ గీశారు. గ్లోరీ గీసింది మొదట కుండలా వచ్చింది. మైసన్న ఒప్పుకోలేదు. రెండోది చూసి, "ఆ, గిది గంప" అన్నాడు. ఇంకొకటి కూడా అనుకున్నారు. మందు చేతికిచ్చాక ఎలా వేసుకుంటావో రోగి చెప్పాలి, చూపించాలి. తప్పు చెప్తే కసురుకోకుండా మళ్లీ చెప్పాలి. అది గ్లోరీ ఒక్కదాని పని కాదు, వంతులవారీగా శిక్షణ డాక్టర్లు కూడా రోజుకొకరు కౌంటరు దగ్గర కూర్చోవాలి. డాక్టర్లు మందుల కిటికీ వెనక కూర్చోవడం మొదట్లో జనానికి వింతగా ఉండేది.

దసరా ముందు ఒకరోజు ఆ వంతు సాయిలతది. కీళ్లనొప్పులతో ఒక పెద్దావిడ వచ్చింది. గ్లోరీ గంప బొమ్మ కవరు, విటమిన్ మాత్రల కవరు ఇచ్చి అంతా చెప్పి అడిగింది.

"ఇప్పుడు నువ్వు జెప్పు పెద్దమ్మా, ఎట్ల ఏసుకుంటవు?"

"దినాం ఒకటి" అంది పెద్దావిడ ధీమాగా.

గ్లోరీ, సాయిలత ఒక్కసారే నవ్వేశారు. పెద్దావిడ బిక్కమొహం వేసింది.

"నిన్ను జూసి నవ్వలేదు పెద్దమ్మా" అంది సాయిలత, కిటికీలోంచి కాస్త ముందుకు వంగి. "గీ మాట ఇంటికి పోయినంక కాకుండ ఈడనే అన్నవు గదా, అందుకు. మీ ఊరి అంగడి ఏనాడు?"

"బేస్తవారం."

"ఆనాడు ఒక్కటే. మల్ల జెప్పు."

"అంగడినాడు ఒక్కటే" అంది పెద్దావిడ. ఒక్క క్షణం ఆలోచించి, తనే ఇంకో కవరు పైకెత్తి చూపించింది. "గిది తక్కిన దినాలు. గంతేనా?"

"గంతే" అంది సాయిలత.